సూది వేసుకుంటే ఒప్పుకున్నట్టే

నాకు వచ్చిన జబ్బు పేరు మా దగ్గర ఎవరూ నోటితో అనరు. గోడల మీద మాత్రం రాస్తారు. వికారాబాద్ నుంచి తాండూరు వైపు రైల్లో వస్తుంటే పట్టాల పక్కనున్న ప్రహరీల మీద, పాడుబడ్డ గోదాముల మీద, గుప్త రోగాలకూ సుఖ రోగాలకూ మందు దొరుకుతుందని పెద్ద పెద్ద అక్షరాలు కనిపిస్తాయి. చిన్నప్పుడు ధారూర్ స్టేషన్లో బెంచీ మీద కూర్చుని వాటిని కూడబలుక్కుని చదివేదాన్ని. బిడ్డకు చదువు వస్తోందని మా నాయిన మురిసేవాడు, నేను చదివేదేమిటో చెవిన పడగానే మాట మార్చేవాడు. దానికి సుఖ రోగమని పేరు పెట్టిన మహానుభావుడు ఎవరో గానీ, నా వంతు వచ్చేసరికి రోగం ఒక్కటే మిగిలింది.

జబ్బు సిఫిలిస్. పాతకాలం వాళ్లు సవాయి అనేవాళ్లు. ఇప్పుడు తగ్గింది. మా పాప దిండు ఆసరాతో కూర్చుంటోంది. నేను ధారూర్ పక్కన మా అమ్మగారి ఊళ్లో ఉంటూ, రైలుకు వెళ్లి వికారాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు చెబుతున్నాను. రాసుకుంటే కోపం తగ్గుతుందని ఎవరో అన్నారు. తగ్గుతుందన్న నమ్మకం నాకు లేదు. కానీ నాలాగే చేతిలో రిపోర్టు పట్టుకుని, ఇది తప్పై ఉండాలి, తప్పై తీరాలి అని మొక్కుకుంటూ ఏ బస్టాండులోనో ఒక ఆడపిల్ల కూర్చుని ఉంటుంది. ఆమె కోసమైనా రాయాలి.

జూన్

అప్పుడు నేను తాండూరులో ఉన్నాను. పెళ్లయి ఏడాది దాటింది. మా ఆయన ఆనంద్ కరణ్‌కోట రోడ్డులో నాపరాళ్లను పాలిష్ చేసే యూనిట్‌లో సూపర్‌వైజరు. సాయంత్రం ఇంటికి వచ్చేసరికి కనుబొమల మీద కూడా రాతిపొడి ఉండేది. మామగారు లేరు, ఇంటి పెత్తనం అత్తమ్మది. ఆమె చెడ్డ మనిషని రాస్తే నాకు సులువుగా ఉండేది. నేను నెల తప్పానని తెలిసినప్పుడు ఊరంతా తిరిగి లేత చింతచిగురు వెతికి తెచ్చి పప్పు వండి పెట్టింది ఆమే. ఆ పప్పు రుచి ఇప్పటికీ నాలుక మీద ఉంది, అదీ ఒక బాధే.

బడులు తెరిచిన వారంలో గర్భిణులను చూసే రోజున ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాను. నాలుగో నెల నడుస్తోంది. వరండాలో కాలు పెట్టే జాగా లేదు. కర్ణాటక సరిహద్దు ఊళ్ల నుంచి వచ్చిన ఆడవాళ్లు కన్నడంలో మాట్లాడుకుంటూ, పల్లీలు వలిచి ఒకరికొకరు పెట్టుకుంటున్నారు. అందరితో పాటు నాకూ రక్తం తీశారు. ఏమేం పరీక్షలు చేస్తారో అడగాలని కూడా తోచలేదు.

తరువాతి వారం రిపోర్టులకు వెళ్తే నర్సు ఒక్కొక్కరి పేరూ పిలిచి అందరి ముందే చెప్పేస్తోంది. నీకు రక్తం తక్కువుంది, ఖర్జూరాలు తిను. నీకు షుగరుంది, తీపి మానెయ్. నా కాగితం చేతిలోకి తీసుకుని ఆగింది. దాన్ని నాలుగు మడతలు పెట్టి నా గుప్పిట్లో ఉంచి, "నువ్వు లోపలికి పో అమ్మా, మేడం మాట్లాడతది" అంది మెల్లగా. ఆ ఏడాది నాకు జరిగిన మేళ్లలో ఆ మడతలు పెట్టడం ఒకటి. అప్పుడు మాత్రం దాన్ని విప్పి చూడకుండానే లోపలికి వెళ్లాను.

డాక్టరు మేడం తొందరపడకుండా చెప్పింది. వీడీఆర్‌ఎల్ అనే పరీక్షలో సిఫిలిస్ ఉన్నట్టు చూపిస్తోందట. అది మొదటి పరీక్ష మాత్రమేనట. కడుపుతో ఉన్నప్పుడు, ఏదైనా జ్వరం వచ్చి పోయినప్పుడు, జబ్బు లేకపోయినా ఒక్కోసారి అలా చూపిస్తుందట. రెండో రకం పరీక్ష ఇంకొకటి ఉంది, శాంపిల్ హైదరాబాద్ పంపాలి, దానితో తేలిపోతుంది. "కానీ అది వచ్చేదాకా ఆగొద్దు. సూది ఈరోజే మొదలుపెడదాం. జబ్బు లేకపోతే సూదితో నీకొచ్చే నష్టం లేదు. ఉంటే మాత్రం కడుపులో పిల్లకు పోతది."

ఆమె అన్ని మాటలు చెబితే నేను విన్నది ఒక్క మాట. జబ్బు లేకపోయినా అలా చూపిస్తుంది. చాలు, నాది అదే. నాకు అది ఎలా వస్తుంది? మా ఆయనను అడిగి రేపు వస్తానని లేచాను. మేడం మళ్లీ మళ్లీ చెప్పింది, నేను మళ్లీ మళ్లీ తల ఊపాను. రేపు రావాలనే అనుకున్నాను.

ఆనంద్‌కు చెప్పినప్పుడు అతను షూ విప్పుకుంటున్నాడు. లేసు పట్టుకున్న చెయ్యి అలాగే ఉండిపోయింది. తల ఎత్తకుండానే, "టెస్టు తప్పయి ఉంటది" అన్నాడు. నేను అనుకున్న మాటే అతని నోటి నుంచి వచ్చేసరికి ప్రాణం లేచివచ్చింది. అతని ముఖంలోకి సరిగ్గా చూసి ఉంటే బాగుండేది. అన్నం తినేలోపే వాళ్లమ్మకు చెప్పేశాడు.

మర్నాడు తాండూరులోనే ఒక ప్రైవేటు ల్యాబులో తనూ అదే పరీక్ష చేయించుకున్నాడు. జబ్బు లేదని వచ్చింది. ఆ కాగితం తెచ్చి టీవీ బల్ల మీద పెట్టాడు, పైన రిమోటు పెట్టాడు. అత్తమ్మకు ఇంగ్లీషు రాదు గానీ ఎక్కడ ఏముందో కొడుకు వేలు పెట్టి చూపించాడు. ఆమె అది చూసి, నన్ను చూసి, "నా కొడుకుకు లేదు. మరి నీకు ఎక్కడిది?" అంది.

పరీక్ష తప్పేమో అన్నాను. మరి వాడి పరీక్ష తప్పు కాలేదు గదా అంది. పెళ్లికి ముందు నేను పాఠాలు చెప్పిన బడిలో పరీక్షల కాలం గుర్తొచ్చింది. మార్కులు తగ్గినవాడే పేపరు మళ్లీ దిద్దమని వస్తాడు, మంచి మార్కులు పడ్డవాడు ఎన్నడూ రాడు. మా ఇంట్లో ఆనంద్‌కు మంచి మార్కులు పడ్డాయి. అతని కాగితాన్ని మళ్లీ దిద్దాలని ఎవరికీ అనిపించలేదు, నాకు కూడా.

జూన్ చివర

మా అమ్మ వచ్చింది. ఫోనులో ఏమీ చెప్పలేక ఒకసారి రమ్మన్నాను. ఆమె పొలం పనులకు వెళ్లే మనిషి, మా నాయిన రైల్వేలో గ్యాంగ్‌మన్‌గా చేసి రిటైరైనవాడు. ఆదివారం చర్చి, మిగతా రోజులు పని, అంతకు మించి వాళ్లకు లోకం తెలియదు. అమ్మ నా మాట విని తలుపు దగ్గరికి వేసింది. ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. నన్ను ఆమె అనుమానించలేదు, ఎప్పుడూ అనుమానించలేదు. ఆ నమ్మకంతోనే ఒక మాట అంది.

"నీకేం లేదు బిడ్డా. సూది ఏస్కున్నవనుకో, ఒప్పుకున్నట్టే గద. ఏస్కోకు."

నా నోట్లో ఉన్న మాటే అది. అవతలి గదిలో అత్తమ్మ కూడా అదే అనుకుంటోంది, సూది వేసుకుంటే తప్పు ఒప్పుకున్నట్టేనని. నన్ను నమ్మినవాళ్లూ, నమ్మనివాళ్లూ, నేనూ, అందరం ఒకే మాట మీద నిలబడ్డాం. మా ఇంట్లో అంత ఐకమత్యం అంతకు ముందు లేదు, తరువాత లేదు. కడుపులో ఉన్నదాన్ని మాత్రం ఎవరూ అడగలేదు. నేను ఆసుపత్రికి తిరిగి వెళ్లలేదు.

జూలై

సూది మాట వదిలేసి ల్యాబుల వెంట పడ్డాం. తాండూరులో వద్దంది అమ్మ. మాకు తెలిసిన ల్యాబు అబ్బాయి అత్తమ్మవాళ్ల చర్చి మనిషే, రిపోర్టు మాకంటే ముందు ఆదివారం ప్రార్థనకు చేరుతుందని ఆమె భయం. అందుకని ఇద్దరం రైలెక్కి వికారాబాద్ వెళ్లాం. బస్టాండు దగ్గర ఒక ల్యాబులో రక్తం ఇచ్చి కుర్చీల్లో కూర్చున్నాం. మా పక్కన షుగరు పరీక్షకు వచ్చిన ఒక ముసలాయన మనవరాలితో వీడియోకాల్ మాట్లాడుతున్నాడు. కౌంటరు వెనుక నుంచి ఒకతను తల బయటపెట్టి వీడీఆర్‌ఎల్ ఎవరిదని గట్టిగా అడిగాడు. అదేమిటో అక్కడ ఒక్కరికీ తెలియదు, అయినా అందరూ నన్నే చూస్తున్నట్టు అనిపించింది. కొంగు తల మీదికి లాక్కుని వెళ్లి కాగితం తీసుకున్నాను.

లేదని వచ్చింది. అమ్మ అక్కడే కుర్చీలో కూర్చుని ప్రార్థన చేసింది. బయటికొచ్చి వేడి జిలేబీ కొంది, నేను వద్దన్నా నోట్లో పెట్టింది. ఆనంద్‌కు ఫోన్ చేస్తే, "నేను చెప్పిన గద తప్పయి ఉంటదని" అన్నాడు. ఆ గొంతులో సంతోషం నిజమైనదే. ఎందుకంత సంతోషమో నాకు అప్పుడు తెలియదు. ఆ ఒక్క సాయంత్రం నేను కడుపు మీద చెయ్యి వేసుకుని హాయిగా నిద్రపోయాను.

అత్తమ్మ ఊరుకోలేదు. ఆ ల్యాబులో మావాళ్లెవరైనా ఉన్నారా అని అడిగింది. తన కళ్ల ముందు చేయిస్తేనే నమ్ముతానంది. ఆమె ఎంచుకున్న ల్యాబుకు, తాండూరులోనే, ఆమె వెనుకే వెళ్లి మళ్లీ చెయ్యి చాపాను. అక్కడ ఉందని వచ్చింది. రెండు చోట్ల ఉంది, ఒక చోట లేదు. ఓట్లు లెక్కపెట్టినట్టు లెక్కపెట్టి ఆమె తీర్పు చెప్పేసింది.

ఆ మర్నాటి నుంచి నా కంచం వేరు, గ్లాసు వేరు. నేను ఉతికిన బట్టలను ఆమె మళ్లీ జాడించేది. వీధి పంపు దగ్గర ఆడవాళ్లు నన్ను చూసి మాట ఆపేసేవాళ్లు, ఇంట్లోంచే పోయి ఉండాలి ఆ కబురు. తొలి కాన్పుకు పుట్టింటికి పంపడం మా ఆనవాయితీ. ఏడో నెల దాటాక, ఒడిబియ్యం పోసి, గాజులు తొడిగి సాగనంపుతారు. నన్ను ఐదో నెలలోనే పంపారు. ఒడిబియ్యం లేదు, గాజులు లేవు. ఎవరైనా అడిగితే చెప్పుకోవడానికి మాత్రం ఆనవాయితీ ఉంది. నాయిన వచ్చి నా పెట్టె ఎత్తుకున్నాడు. ఆనంద్ స్టేషన్ దాకా వచ్చి, రైలు కదిలేవరకు ఫోనులో ఏదో చూసుకుంటూ నిలబడ్డాడు. కోపం రాకపోవడానికి నేను దేవతను కాను, మనసులో తిట్టని తిట్టు లేదు.

ఆగస్టు

వానలు పడుతున్నాయి. అమ్మా నాయినా పనులకు పోతే నేను మంచం మీద పడుకుని ఫోను చూసేదాన్ని. ఈ పరీక్ష ఎన్నిసార్లు తప్పుతుంది, ఎవరికి తప్పుతుంది, ఎందుకు తప్పుతుంది. తప్పుతుందని రాసినవన్నీ రెండుసార్లు చదివేదాన్ని. పిల్లకు ఏమవుతుందో రాసినచోటికి రాగానే వేలితో పైకి తోసేసేదాన్ని. పిల్లలకు పాఠాన్ని ఒక్క అక్షరం వదలకుండా చదవాలని చెప్పే టీచరమ్మ చదివిన పద్ధతి అది.

ఒకరోజు పొద్దుటి నుంచి కడుపులో కదలిక తెలియలేదు. చల్లటి నీళ్లు తాగాను, పక్కకు తిరిగి పడుకున్నాను, ఏదో తిన్నాను. తెలియలేదు. ఇంట్లో ఎవరూ లేరు. అప్పుడు నాకు పరువు గుర్తు రాలేదు, ఆనంద్ గుర్తు రాలేదు, ఏ ల్యాబు కాగితమూ గుర్తు రాలేదు. వేలితో పైకి తోసేసిన ఆ రాతలన్నీ మాత్రం ఒక్కసారిగా కళ్ల ముందుకొచ్చాయి. చెప్పులేసుకుని స్టేషన్‌కు వెళ్లి దొరికిన రైలెక్కాను. రైల్లో ఒక ముసలమ్మ నా ముఖం చూసి, ఏమీ అడగకుండా తన సీటు ఇచ్చి, తను తలుపు దగ్గర మూట మీద కూర్చుంది. తాండూరు దిగి తిన్నగా ఆసుపత్రికి నడిచాను.

మేడం నా కడుపు మీద మిషను పెట్టి పిల్ల గుండె చప్పుడు వినిపించింది. టకటకమని, గుర్రం పరిగెత్తినట్టు. నేను ఏడవడం మొదలుపెట్టాను. ఆమె నన్ను ఏడవనిచ్చి, ఇన్ని వారాలు ఏం చేశావని అడిగింది. టెస్టు కరెక్టో కాదో తేల్చుకుంటున్నానని చెప్పాను.

"నువ్వు తేల్చుకునేదాకా కడుపులో పిల్ల ఆగుతదా?" అంది.

ఆమె గొంతు పెంచలేదు. కానీ ఆ మాట ఇప్పటికీ చెంప మీద ఉంది. సూది వేయండి మేడం అన్నాను. ఎవరినీ అడగలేదు. వారానికోసారి వేసుకోవాలని, మధ్యలో మానకూడదని చెప్పింది. మందు చిక్కగా ఉంటుంది, ఎక్కేటప్పుడు తుంటి బండబారినట్టు అవుతుంది. జూన్‌లో కాగితాన్ని మడిచి ఇచ్చిన నర్సే నా మణికట్టు పట్టుకుని, అయిపోయింది అయిపోయింది అంటూ కూర్చుంది. రెండో రకం పరీక్షకు కూడా అప్పుడే రక్తం తీశారు. నా మొగుడు కూడా రావాలని, లేకపోతే మళ్లీ మొదటికే వస్తుందని మేడమే అతనికి ఫోన్ చేసింది.

రెండో సూది నాడు ఆనంద్ వచ్చాడు. తన రిపోర్టు ప్లాస్టిక్ కవరులో పెట్టుకుని తెచ్చాడు. మేడం దాన్ని చూసి పక్కన పెట్టింది. ఇంతకు ముందు ఎప్పుడైనా అక్కడ పుండు లేచిందా, సూదులేమైనా వేయించుకున్నావా అని అడిగింది. అతను నావైపు చూడలేదు. "పోయిన ఎండాకాలం వేడి చేసింది మేడం. యూనిట్ కాడ ఆరెంపీ సూదులు ఇచ్చిండు. వారానికొకటి."

మా దగ్గర వేడి చేయడమంటే అన్నీ అందులోనే పడతాయి. మూత్రం మండినా వేడే, నోరు పూసినా వేడే, చెప్పుకోలేనిచోట పుండు లేచినా వేడే. పెళ్లయిన తొలి ఎండాకాలం అది. తనకు వేడి చేసిందని ఆనంద్ చెబితే నేను పొద్దున్నే సబ్జా గింజలు నానబెట్టి, రాగి జావ కాచి, మజ్జిగ చిలికి ఇచ్చాను. తరువాత వానాకాలంలో నా అరచేతుల్లో, వీపు మీద ఎర్రటి మచ్చలు లేచాయి. అవి దురద పెట్టలేదు. అత్తమ్మ చూసి, నీకు కూడా వేడి చేసింది అని అదే సబ్జా నాకు తాగించింది. మచ్చలు వాటంతటవే పోయాయి. మేమందరం సబ్జా గొప్పతనం చెప్పుకున్నాం. జబ్బు మా ఇంట్లో నట్టింట కూర్చుని ఉంటే మేం దానికి చలవ చేశాం.

మేడం అతనికి విడమరిచి చెప్పింది. మొదటి రకం పరీక్ష, మందు పడ్డాక కొన్ని నెలలకు చల్లారిపోతుంది. అందుకే అతని కాగితంలో లేదని వచ్చింది, దానర్థం ఎప్పుడూ లేదని కాదు. రెండో రకం పరీక్షలో ఒకసారి వచ్చిపోయినా జీవితాంతం కనిపిస్తూనే ఉంటుంది. ఆ రక్తం ఇద్దరిదీ హైదరాబాద్ వెళ్లి వచ్చింది. ఇద్దరికీ ఉందనే వచ్చింది. వికారాబాద్‌లో జిలేబీ తినిపించిన కాగితం ఒక్కటే తప్పు.

ఆసుపత్రి గేటు బయట చెరుకు రసం బండి దగ్గర నిలబడి అతన్ని అడిగాను, నీకు తెలుసా అని. ఆరెంపీ డాక్టరు జబ్బు పేరు చెప్పాడట. సూదులు అయ్యేదాకా భార్య దగ్గరికి పోవద్దని కూడా చెప్పాడట. అప్పటికే ఆలస్యమైపోయింది. "చెప్తే నువ్వు ఇడిచిపెట్టి పోతవని భయమయింది" అన్నాడు.

అంటే టీవీ బల్ల మీద ఆ కాగితం పెట్టిననాడు అతనికి తెలుసు. వాళ్లమ్మ నన్ను ఎక్కడిదని అడిగినప్పుడు తెలుసు. నా కంచం వేరు చేసినప్పుడు, నన్ను ఒట్టి ఒడితో రైలెక్కించినప్పుడు తెలుసు. పరీక్ష నా గురించి నిజమే చెప్పింది, అతని గురించి సగమే చెప్పింది, ఆ మిగతా సగం మనిషి చెప్పాలి. అది పెళ్లికి ముందా తరువాతా అని మాత్రం అడిగాను. ముందే, దోస్తులతో కలిసి ఎటో పోయినప్పుడు అన్నాడు. అది నిజమో కాదో తేల్చడానికి ఏ ల్యాబులోనూ పరీక్ష లేదు. వాళ్లమ్మకు ఇప్పుడే చెప్పొద్దని, తను నిదానంగా చెబుతానని బతిమాలాడు. అతను సూదులు పూర్తిగా వేసుకుంటే చాలనుకుని సరేనన్నాను.

నవంబరు

పాప తాండూరు ఆసుపత్రిలోనే పుట్టింది. కాళ్లూ చేతులూ చూసుకున్నాను, కళ్లు చూసుకున్నాను, అరచేతులు విప్పి చూసుకున్నాను. మచ్చలు లేవు. కానీ రక్తం తీస్తే దానికీ ఉందనే చూపించింది. మేడం వచ్చి పక్కన కూర్చుంది. తల్లి రక్తంలో ఉన్న గుర్తులు బిడ్డకు కూడా వస్తాయట, అవి నీవే కావచ్చు, దానివి కాకపోవచ్చు, నెలలు గడుస్తుంటే తగ్గుతూ పోవాలి, తగ్గితే భయం లేదు అని చెప్పింది. జాగ్రత్త కోసం దానికీ సూది వేశారు. నేను సకాలంలో వచ్చి ఉంటే ఇంత భయం ఉండేది కాదని ఆమె అనలేదు. నేనే అనుకున్నాను.

చలికాలమంతా పాపను కంబళిలో చుట్టుకుని రక్తపరీక్షలకు తిరిగాను. సూది గుచ్చితే అది మొదట ఆశ్చర్యంగా చూసేది, తరువాత ఏడ్చేది. రిపోర్టు వచ్చేదాకా నాకు అన్నం సహించేది కాదు. తగ్గింది అంటే, నిజంగానే తగ్గిందా, ఈ కాగితం సరైనదేనా అని మళ్లీ పీకులాట. వికారాబాద్ కాగితం నన్ను జీవితాంతానికీ అనుమానపు మనిషిని చేసింది. మేడం విసుక్కోకుండా ప్రతిసారీ అదే చోట చేయించేది, పాత కాగితం పక్కన కొత్తది పెట్టి చూపించేది.

ఆనంద్ సూదులు వేసుకున్నాడు, ఆదివారాలు వచ్చి పాపను ఎత్తుకునేవాడు. మీ అమ్మకు చెప్పావా అంటే, చెప్తా అనేవాడు. అత్తమ్మ ఒకసారి వచ్చింది. గుమ్మం దగ్గర కుర్చీలో కూర్చుని పాపను దూరం నుంచి చూసింది. మా అమ్మ ఎత్తుకోమని ఇవ్వబోతే, చేతులు బాగాలేవని కొంగులో దాచుకుంది. మా అమ్మ ముఖం చూడలేకపోయాను.

మే

చివరి కాగితంలో లేదని వచ్చింది. మేడం దాన్ని నాకిచ్చి, ఇక పిల్లను తీసుకుని ఇటు రావాల్సిన పని లేదంది. నా రెండో రకం పరీక్ష మాత్రం ఎప్పుడు చేసినా ఉందనే వస్తుంది, వైద్యం చేయించుకున్న కాగితాలు భద్రంగా ఉంచుకో అంది. మా ఇద్దరికీ ఒక్కొక్క మామిడిపండు ఇచ్చి పంపింది, ఆమె ఇంటి చెట్టువట.

ఇక్కడ నాలాంటి ఆ ఆడపిల్లకు చెప్పాల్సింది చెప్పేస్తాను. పరీక్ష తప్పుతుందా అంటే తప్పుతుంది. రెండో రకం పరీక్ష అడుగు, గట్టిగా అడుగు. నీ మొగుడి రిపోర్టు బాగుందంటే దాన్ని కూడా అంతే గట్టిగా అడుగు. కానీ కడుపుతో ఉంటే మాత్రం ముందు సూది వేసుకో, పోట్లాట తరువాత పెట్టుకో. పరువుకు తొందర లేదు, పిల్లకు ఉంటుంది.

ఆ ఆదివారం ఆనంద్‌తో పాటు అత్తమ్మ కూడా వచ్చింది. పట్టుచీర తెచ్చింది, గాజులు తెచ్చింది, పాపకు వెండి మొలతాడు తెచ్చింది. కొడుకు ఫోనులో పాప రిపోర్టు చూపించాడట. వచ్చీరాగానే మా అమ్మ చేతుల్లోంచి పాపను అందుకుని ఒళ్లో కూర్చోబెట్టుకుంది, దాని తల వాసన చూసింది. "అన్ని తప్పుడు టెస్టులు. పొల్లకు లేదంటే తల్లికి యాడుంటది? ఎవరికేం లేకుండె. ఉత్తగనే పరేషాన్ అయినం" అంది.

మా అమ్మ కళ్లు తుడుచుకుని రెండు చేతులూ జోడించింది. నాయిన గోడకు ఆనుకుని మొదటిసారి నవ్వాడు. ఆనంద్ నన్నే చూస్తున్నాడు, బతిమాలుతున్నట్టు. ఎంత సులువుగా ఉందో. టెస్టు తప్పు అంటే నేను మంచిదాన్ని, అతను మంచివాడు, ఆమె కూడా మంచిదే. అందరం ఆ అబద్ధం నీడన రైలెక్కి తాండూరు పోవచ్చు. నేను చేయాల్సిందల్లా తల ఊపడం. నన్ను నమ్మి సూది వద్దన్న అమ్మ, ఇప్పుడు కళ్లతోనే తల ఊపమంటోంది.

"టెస్టు తప్పు కాదు అత్తమ్మా" అన్నాను. "నాకు ఆ రోగం ఉండె. సూదులు ఏస్కున్న. గందుకే పొల్లకు రాలే."

పాప వీపు మీద ఆమె చెయ్యి ఆగిపోయింది. మరి ఎక్కడిది అని అడిగింది, ఈసారి గొంతు చాలా చిన్నగా ఉంది.

"గది నన్ను అడగకు. నీ కొడుకును అడుగు."

ఆనంద్ "అమ్మా" అని ఆగిపోయాడు. లేచి, చెప్పులేసుకుని వాకిట్లోకి వెళ్లిపోయాడు. నా కాగితం నమ్మక తన కళ్ల ముందు మళ్లీ రక్తం తీయించిన అత్తమ్మ, కొడుకు వెళ్లిన వైపు చూస్తూ ఏ కాగితమూ అడగలేదు. ఆమెకు అర్థమైపోయింది. చాలాసేపు పాప వేళ్లు సరిచేస్తూ కూర్చుంది. తరువాత మా అమ్మా నాయినా వినకుండా నావైపు వంగింది.

"బయట ఎవలకు అనకు బిడ్డా" అంది.

పెళ్లయినప్పటి నుంచి ఆమె నన్ను బిడ్డా అని పిలవడం అదే మొదలు. నా సంగతి వీధి పంపు దాకా వెళ్లిననాడు, బయట అనొద్దన్న మాట ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు. నేను ఆమె ఒళ్లోంచి పాపను తీసుకున్నాను. సరే అనలేదు.